గుడ్డు సరిహద్దు దాటాలంటే

విదేశీ కోడిజాతి మీద మనసుపడినవాళ్లు మొదట అడిగేది ధర. జావా నల్లకోడి అయాం సెమానీ జత ఎంత, కాళ్ల నిండా ఈకలుండే బ్రహ్మ పిల్ల ఎంత, పొడవాటి తోకల జపాన్ పుంజు ఎక్కడ దొరుకుతుంది అని. ఆ ధరలు తెలుసుకోవడం కష్టం కాదు. కానీ మొత్తం లెక్కలో పక్షి వెల చాలా చిన్న అంకె. ఆ పక్షి వెంట ఏ రోగమూ రావడం లేదని రెండు ప్రభుత్వాలను ఒప్పించడానికే అసలు ఖర్చంతా అవుతుంది. పరీక్షలు, ధ్రువపత్రాలు, లైసెన్సు, విమానం, క్వారంటైన్, ఆ క్వారంటైన్‌లో చచ్చిపోయే పిల్లలు. ఇవన్నీ ఏర్పాటు చేసుకున్నాక, బయలుదేరే ముందు చివరి వారంలో ఎగుమతి దేశంలో బర్డ్ ఫ్లూ బయటపడితే పెట్టిన డబ్బంతా పోయినట్టే.

ఈ భారం ఎందుకు పడుతోంది, ఎవరి మీద పడుతోంది అన్నది నిదానంగా చూడాల్సిన విషయం. నియమాలు కఠినంగా ఉండాల్సిందేనని నా అభిప్రాయం. అయితే అవి వేలకొద్దీ పిల్లల్ని ఒకేసారి దించుకునే కంపెనీల స్థాయికి తగ్గట్టు తయారయ్యాయి. ఒక జాతిని నిలబెట్టాలని తపించే చిన్న పెంపకందారుకు చట్టబద్ధమైన దారి కాగితం మీద ఉంది గాని, నడిచి వెళ్లేంత వెడల్పు దానికి లేదు. చాటుగా వచ్చే గుడ్లకు గిరాకీ అక్కడే పుడుతోంది.

ముందు రోగభయం సంగతి. 1971లో దక్షిణ కాలిఫోర్నియాలో న్యూకాజిల్ వ్యాధి ప్రబలింది. మన పల్లెల్లో కొక్కెర తెగులు అనేది, పశువైద్యులు రాణీఖేత్ అనేది ఇదే. పెంపుడు పక్షుల వ్యాపారం కోసం దిగుమతి చేసిన పక్షుల వెంట అది వచ్చింది. 1974 నాటికి దాన్ని తుడిచిపెట్టేసరికి దాదాపు 1.2 కోట్ల పక్షులను చంపాల్సి వచ్చింది. 5.6 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. విదేశీ పక్షులను నెల రోజులు కట్టడిలో ఉంచే పద్ధతి అమెరికాలో ఆ దెబ్బతోనే స్థిరపడింది. 2002లో అదే తెగులు అదే రాష్ట్రంలో మళ్లీ కనిపించింది. ఈసారి తొలుత దొరికింది ఇళ్ల పెరళ్లలో, పందెం కోళ్లలో. అక్కడి నుంచి గుడ్ల ఫారాలకు పాకింది. 30 లక్షలకు పైగా పక్షులు పోయాయి, ఖర్చు 16 కోట్ల డాలర్లు దాటింది. 2018లో మూడోసారి మొదలై 2020 దాకా సాగిన వ్యాప్తిలో మరో 12 లక్షలు పోయాయి. పెరటి పుంజుకూ పెద్ద లేయర్ షెడ్డుకూ మధ్య దూరం ఎంత తక్కువో మొదట గ్రహించాల్సింది మన గోదావరి జిల్లాలవాళ్లే. సంక్రాంతి పుంజులు పెరిగే తోటలూ, లక్షల గుడ్లు పెట్టే షెడ్లూ అక్కడ ఒకే ఊళ్లో కనిపిస్తాయి.

యూరప్ అనుభవం వేరేది. 2004 అక్టోబర్‌లో థాయ్‌లాండ్ నుంచి బ్రసెల్స్ విమానాశ్రయంలో దిగిన ఒక ప్రయాణికుడి చేతిసంచిలో రెండు డేగలు దొరికాయి. పరీక్షిస్తే రెండింటిలోనూ హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ వైరస్ ఉంది. మరుసటి ఏడాది బ్రిటన్‌లోని ఎసెక్స్‌లో, క్వారంటైన్‌లో ఉన్న దిగుమతి పక్షుల్లో అదే వైరస్ బయటపడింది. ఆ తర్వాత అడవి నుంచి పట్టి తెచ్చే పక్షుల దిగుమతిని యూరోపియన్ యూనియన్ ఆపేసింది. 2007లో ఆ నిషేధాన్ని శాశ్వతం చేసింది. ఎసెక్స్‌లో రోగం క్వారంటైన్ గోడల మధ్యే దొరికింది కాబట్టి అక్కడితో ఆగింది. ఆ సంచి బ్రసెల్స్‌లో పట్టుబడకపోయి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. క్వారంటైన్ దండగ ఖర్చు అనేవాళ్లు ఈ రెండు సంఘటనలనూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

క్వారంటైన్ గడువు నెల రోజులే ఎందుకంటే, ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ నియమావళి ప్రకారం న్యూకాజిల్ వ్యాధి పొదిగే కాలం 21 రోజులు, తీవ్రమైన బర్డ్ ఫ్లూకు 14 రోజులు. ఇవాళ ఎక్కించుకున్న వైరస్ మూడు వారాల్లో ఎలాగూ బయటపడుతుంది. మిగిలిన రోజులు నమూనాలు తీయడానికి, ఫలితాలు రావడానికి. వారం చాలదా అని బేరమాడే అంకె కాదది.

అయితే అన్ని రోగాలూ ఇలా గడువులోపల బయటపడవు. తెల్లపారుడు తెచ్చే సాల్మొనెల్లా పుల్లోరం, ఊపిరితిత్తులను పట్టే మైకోప్లాస్మా, కణితులు పుట్టించే ల్యూకోసిస్ వైరస్ తల్లి నుంచి గుడ్డు లోపలి నుంచే పిల్లకు చేరతాయి. పెంకును ఎంత శుభ్రం చేసినా లోపల ఉన్నది పోదు. అందుకే ధ్రువపత్రం పక్షికి మాత్రమే ఇస్తే చాలదు, అది పుట్టిన మందకు కూడా ఉండాలి. తల్లిమందకు ఏళ్ల తరబడి వరుసగా చేసిన పరీక్షల రికార్డు కావాలి. పెద్ద హేచరీల దగ్గర ఆ రికార్డు సిద్ధంగా ఉంటుంది. అరుదైన జాతులు మాత్రం ఎక్కువగా విశ్రాంత ఉద్యోగుల పెరళ్లలో, చిన్న రైతుల కొట్టాల్లో మిగిలి ఉన్నాయి. పాతిక పెట్టలున్న మనిషి తన మందకు అధికారిక పరీక్షలన్నీ ఏటా చేయించి ఉంచడు. జాతి ఎంత అరుదైతే దాని పత్రాలు అంత దుర్లభం. ధరలన్నిటికన్నా పెద్ద అడ్డంకి ఇదేనని నాకనిపిస్తుంది, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

ఇక ఏ రూపంలో తేవాలన్న ప్రశ్న. ఎదిగిన పక్షులు బరువు, విమానం ఖర్చు ఎక్కువ, ప్రయాణంలో తట్టుకోలేవు. రోజు పిల్లలు మేలు. పొట్టలోకి ఇంకిన పచ్చసొన బలంతో గుడ్డులోంచి వచ్చాక దాదాపు మూడు రోజులు మేత, నీళ్లు లేకుండా బతకగలవు. ప్రపంచమంతా కోడిపిల్లల విమాన వ్యాపారం ఈ ఒక్క వరం మీదే నడుస్తోంది. గుడ్లు ఇంకా తేలిక. కానీ పొదిగించే గుడ్డు వారం దాటి నిల్వ ఉంటే పిల్లయ్యే అవకాశం రోజురోజుకీ తగ్గుతుంది. దారిలో కుదుపులకు లోపలి గాలి అర చెదిరిపోతుంది. కస్టమ్స్‌లో నాలుగు రోజులు ఆగిన పెట్టెలోంచి సగం పిల్లలు వస్తే అదృష్టమే. ఆ వచ్చినవాటిలో సగం పుంజులు.

ఆస్ట్రేలియా ఈ విషయంలో చాలా కఠినం. సజీవంగా కోళ్లను దేశంలోకి రానివ్వదు. ఆమోదించిన దేశాల నుంచి పొదిగే గుడ్లను మాత్రమే, అదీ మెల్‌బోర్న్ దగ్గర మికిల్‌హామ్‌లోని ప్రభుత్వ క్వారంటైన్ కేంద్రానికే అనుమతిస్తుంది. గుడ్లు అక్కడే పొదుగుతాయి, పిల్లలు అక్కడే వారాల తరబడి పెరుగుతాయి. పక్కనే ఏ రోగమూ లేని కాపలా పక్షులను ఉంచి వాటికి ఏమైనా సోకుతుందేమో చూస్తారు. రోజుకింత అద్దె చెల్లించే స్తోమత వాణిజ్య కంపెనీలదే. ఆ దేశంలో అభిరుచితో కోళ్లు పెంచేవాళ్లు చాలా జాతులను కొత్త రక్తం లేకుండానే తరాలుగా నెట్టుకొస్తున్నారు.

అమెరికాలో దారి కొంచెం విశాలం. వ్యవసాయ శాఖ నుంచి పర్మిట్ తీసుకుని, న్యూయార్క్ లేదా మయామీ దగ్గరి ప్రభుత్వ కేంద్రంలో ముందుగా చోటు రిజర్వు చేసుకుని, 30 రోజుల ఖర్చు కడితే వ్యక్తులు కూడా తెప్పించుకోవచ్చు. రోజు పిల్ల మీద అక్కడి సాధారణ సుంకం ఒక సెంటు కూడా ఉండదు. అయినా ఫ్లోరిడాలోని గ్రీన్‌ఫైర్ ఫామ్స్ అయాం సెమానీలను మొదట్లో ఒక్కోటి 2,500 డాలర్లకు అమ్మింది. సుంకం దాదాపు సున్నా అయిన చోట అంత ధర పలికిందంటే, ఆ ధరలో ఏముందో తెలుస్తుంది. పర్మిట్లు, క్వారంటైన్, చనిపోయిన పక్షులు, తిరస్కరణకు గురయ్యే సరుకు, మొదటగా తెచ్చినవాడి లాభం. కొన్నేళ్లకు పిల్లలు విరివిగా దొరికి ధర పడిపోయింది. తొందరపడి మొదటి విడతలో కొన్నవాళ్లు ఆ ఖర్చంతా పంచుకున్నారు.

ఆ నల్లకోడి కోసం మనవాళ్లు ఆరాటపడటం నాకు బాధ కలిగిస్తుంది. చర్మం, మాంసం, ఎముక దాకా నలుపెక్కించే జన్యుమార్పు సెమానీలోనూ చైనా సిల్కీలోనూ ఉన్నదే మన కడక్‌నాథ్‌లోనూ ఉంది. మూడింటిలోనూ 20వ క్రోమోజోమ్ మీద ఒకే రకం అమరిక. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఝాబువా కడక్‌నాథ్‌ను వదిలి, అదే నలుపు కోసం లక్షలు పోసి సముద్రం దాటించడంలో నాకు అర్థం కనిపించదు.

మన దేశ నియమాల దగ్గరికి వస్తే, వీటికి మూలం 1898 నాటి పశుసంపద దిగుమతి చట్టం. 2001 సవరణతో పశు ఉత్పత్తులు కూడా దాని కిందికి వచ్చాయి. విదేశీ వాణిజ్య విధానంలో సజీవ కోళ్లు పరిమితుల జాబితాలో ఉన్నాయి. అంటే లైసెన్సు లేకుండా తేకూడదు. కేంద్ర పశుసంవర్ధక శాఖ ఆమోదం, విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ లైసెన్సు, ఎగుమతి దేశపు ప్రభుత్వ పశువైద్యుడి ధ్రువపత్రం ఉండాలి. దిగేది కూడా జంతు క్వారంటైన్ కేంద్రం ఉన్న చోటే: ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, బెంగళూరు, హైదరాబాద్. సుంకం వేసేటప్పుడు పక్షి ధరకు విమాన రవాణా (ధరలో 20 శాతానికి మించకుండా), బీమా కూడా కలిపి ఆ మొత్తం మీద లెక్కిస్తారు.

ఇక్కడ ఎన్నారై కుటుంబాల్లో ఒక అపోహ బలంగా ఉంది. వచ్చేటప్పుడు సూట్‌కేసులో బట్టల మధ్య డజను గుడ్లు పెట్టుకొస్తే ఎవరు అడుగుతారని. ప్రయాణికుల సామానుతో పెంపుడు జంతువులను తెచ్చుకునే వెసులుబాటు కుక్కలకు, పిల్లులకు మాత్రమే, అదీ షరతులతో. పొదిగే గుడ్డు చట్టం దృష్టిలో కూర వండుకునే సామాను కాదు. తిరుగు ప్రయాణంలోనూ అంతే. కొక్కెర తెగులు మన దగ్గర ఎప్పుడూ ఉండేదే కాబట్టి భీమవరం నుంచి టెక్సాస్‌కు నాటుకోడి గుడ్లు సామానులో తీసుకెళ్లడానికి అమెరికా ఒప్పుకోదు. ఆ తెగులున్న దేశాల గుడ్లను పర్మిట్ ఉన్నా క్వారంటైన్‌లోనే పొదిగించి, పిల్లలను మరో 30 రోజులు అక్కడే ఉంచాలి.

చట్టబద్ధమైన దారిన మన దేశానికి నిజంగా వచ్చేవి ఎక్కువగా గ్రాండ్ పేరెంట్ పిల్లలు. అంటే మనం తినే బ్రాయిలర్‌కు తాతల తరం. కాబ్, రాస్ లాంటి జాతుల తాతలను తెచ్చి, వాటి నుంచి తల్లిమందలను, వాటి నుంచి కోట్లకొద్దీ బ్రాయిలర్లను తీస్తారు. ఒక సరుకు మీద పత్రాలు, పరీక్షలు, క్వారంటైన్ కలిపి 8 లక్షలు అవుతుందని ఊరికే లెక్క కోసం అనుకుందాం. 20,000 పిల్లలు దించే హేచరీకి అది పిల్లకు 40 రూపాయలు. 40 పిల్లలు తెప్పించుకునే పెంపకందారుకు పిల్లకు 20,000 రూపాయలు. రోగభయం ఇద్దరి విషయంలోనూ ఒక్కటే, పరీక్షలూ ఒక్కటే. భారం మాత్రం 500 రెట్లు. ఇందులో అధికారుల దురుద్దేశం ఏమీ లేదు, స్థిరమైన ఖర్చును చిన్న సంఖ్యతో భాగిస్తే వచ్చే ఫలితం ఇది.

అంత పెట్టి తెచ్చుకున్నా జాతి నిలుస్తుందా? మామూలుగా తెచ్చుకునేది ఒక పుంజు, రెండు పెట్టలు. జన్యుశాస్త్ర సూత్రం ప్రకారం అలాంటి మందలో తరానికి దాదాపు 19 శాతం చొప్పున రక్తసంబంధం పెరుగుతుంది. నాలుగైదు తరాల్లో గుడ్లు పొదగవు, పిల్లలు నిలబడవు, పుంజుల్లో జవ తగ్గుతుంది. ఆ పెరుగుదల తరానికి ఒక శాతం దగ్గర ఆగాలంటే కనీసం 15 పుంజులు, 75 పెట్టలు, అవీ ఒకదానికొకటి చుట్టాలు కానివి కావాలి. ఇంత మందను ఒక వ్యక్తి తెచ్చుకోలేడు. అందుకే ఒంటరిగా చేసే దిగుమతిని జాతి సంరక్షణ అనడానికి నేను ఒప్పుకోను. అది ఇంటి ముందు అందమైన పక్షిని నిలబెట్టుకోవడం వరకే. తప్పేమీ లేదు, కాని పేరు సరిగ్గా పెట్టుకోవాలి.

పశువుల్లో ఈ చిక్కు లేదు. హోల్‌స్టీన్ ఎద్దు ఇక్కడ అడుగుపెట్టకుండానే దాని గడ్డకట్టించిన వీర్యం గొట్టాల్లో వస్తుంది, పిండాలూ వస్తాయి. కోడిలో పిండాన్ని గడ్డకట్టించడం కుదరదు, పచ్చసొన అంత పెద్దది. పుంజు వీర్యం గడ్డకట్టి కరిగాక సత్తువ బాగా కోల్పోతుంది. పైగా పక్షుల్లో ఆడదాన్ని నిర్ణయించే డబ్ల్యూ క్రోమోజోమ్ తల్లి నుంచే వస్తుంది కాబట్టి, ఒక్క వీర్యంతో జాతిని పూర్తిగా తిరిగి నిర్మించలేం. పిండంలోని బీజకణాలను భద్రపరిచి వేరే జాతి పక్షుల ద్వారా పుట్టించే పద్ధతిని ఎడిన్‌బరోలోని రోస్లిన్ సంస్థ పరిశోధకులు నిరూపించారు. అది సాధారణ వాడుకలోకి వస్తే సరిహద్దు దాటేది శీతలపెట్టెలోని చిన్న గొట్టం అవుతుంది. అప్పుడు ఈ ఖర్చుల లెక్క మొత్తం మారిపోతుంది.

వీటన్నిటిపైనా దేశాల మధ్య రాజకీయం ఉంది. బర్డ్ ఫ్లూ నమోదైన ఏ దేశం నుంచైనా కోళ్లు, గుడ్లు, మాంసం రాకూడదని మన ప్రభుత్వం నిషేధాలు పెట్టింది. తీవ్రత లేని రకం కనిపించినా అంతే. 2011 జూలై నోటిఫికేషన్ మీద అమెరికా ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లింది. 2014లో ప్యానెల్, 2015 జూన్‌లో అప్పీలు సంఘం మనకు వ్యతిరేకంగా చెప్పాయి. శాస్త్రీయంగా ముప్పు అంచనా వేయలేదని, దేశం మొత్తాన్ని కాక రోగమున్న ప్రాంతాన్నే ఆపాలన్న సూత్రాన్ని పట్టించుకోలేదని. 2023 సెప్టెంబర్‌లో ఇరుదేశాలు రాజీకి వచ్చాయి. ఆ తగవు నడిచింది కోడికాళ్ల మాంసం మార్కెట్ కోసం. అరుదైన జాతుల ఊసు అందులో లేదు. అయినా ప్రాంతాల వారీ సూత్రం చిన్న దిగుమతిదారుకూ పనికొచ్చేదే. ఒక రాష్ట్రంలో రోగం వస్తే మరో మూల ఉన్న శుభ్రమైన మంద పత్రాలు రద్దు కాకూడదు.

చైనా మరో పాఠం నేర్చుకుంది. 2015లో బర్డ్ ఫ్లూ కారణంగా అమెరికా, తర్వాత ఫ్రాన్స్ నుంచి తెల్ల బ్రాయిలర్ తాతల తరాన్ని ఆపేయాల్సి వచ్చింది. సరఫరా కోసం దేశదేశాలు వెతికారు. మరోవైపు సొంత వంశాలను తయారుచేసుకుని 2021 డిసెంబర్‌లో మూడింటికి ప్రభుత్వ ఆమోదం ఇచ్చారు.

మన దగ్గర జన్యు మూలధనం వాళ్లకన్నా తక్కువేమీ కాదు. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో 19వ శతాబ్దంలో భారతదేశపు ఆసీల్ పుంజులతో తయారుచేసిన జాతే కార్నిష్. వెడల్పు ఛాతీ, బరువైన తొడ దానికి ఆసీల్ ఇచ్చినవే. ఇవాళ్టి బ్రాయిలర్లలో పుంజు వైపు వంశం కార్నిష్ నుంచి వచ్చింది. గ్రాండ్ పేరెంట్ పేరుతో మనం డాలర్లు పోసి తెచ్చుకుంటున్న పిల్లల ఒంట్లో ఈ నేల రక్తం ఉంది. ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశాల ఆసీల్, ఆంధ్రప్రదేశ్‌దే అయిన కాళహస్తి కోడి, ఆంధ్ర-కర్ణాటక సరిహద్దుల ఘాగస్ జాతీయ జాబితాలో నమోదై ఉన్నాయి. వీటిలో ఆసీల్‌కు పందేల పుణ్యాన పోషకులున్నారు. కాళహస్తి, ఘాగస్‌లను కోరి పెంచేవాళ్లు తక్కువ. పందేలు 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం, ఆ విషయంలో నాకు రెండో మాట లేదు. అయినా డేగ, కాకి, నెమలి, సేతువ అని రంగులతో, వాటంతో వంశాలను గుర్తుపెట్టుకునే పరిజ్ఞానం ఆ పెంపకందారుల్లోనే మిగిలి ఉందన్నది నిజం. వాళ్లే ఇప్పుడు పెరూ క్రాస్, థాయ్ క్రాస్ అంటూ విదేశీ రక్తం కలుపుతున్నారు. ఇంపోర్టెడ్ లైన్ అని అమ్మే పక్షుల్లో ఎన్నిటికి దిగుమతి లైసెన్సు కాగితం ఉందో కొనేవాడు అడగడు, అమ్మేవాడు చూపించడు. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో బర్డ్ ఫ్లూ వచ్చింది. అది దొంగ పక్షుల వల్ల వచ్చిందని నేను అనడం లేదు. కానీ రోగం తేలిన చోటు నుంచి కిలోమీటరు లోపల ఉన్న కోళ్లన్నిటినీ చంపాలన్న నిబంధన, చాటుగా వచ్చిన ఒక్క పుంజు వల్ల అమలైతే నష్టపోయేది దాని యజమాని ఒక్కడే కాదు.

చేయదగిన పని ఉంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ వనరాజా, గ్రామప్రియ కోళ్లను ఇచ్చిన సంస్థ. ఆసీల్, ఘాగస్ మందలను సంరక్షిస్తోంది. జంతు క్వారంటైన్ కేంద్రం కూడా హైదరాబాద్‌లోనే ఉంది. పెంపకందారుల సంఘాలు విడివిడిగా కాక కలిసి, ఏడాదికి ఒకటో రెండో సరుకులుగా పొదిగే గుడ్లు తెప్పించుకునేలా, ఆ గుడ్లు ప్రభుత్వ పర్యవేక్షణలోనే పొదిగి, పరీక్షలు ముగిశాక పిల్లలు పంపిణీ అయ్యేలా ఒక ఉమ్మడి కేంద్రం పెట్టవచ్చు. ఖర్చును 40తో కాక 2,000తో భాగించవచ్చు. వంశావళి పుస్తకం ఒక్కచోట ఉంటుంది, ఎవరి దగ్గర ఏ రక్తం ఉందో తెలుస్తుంది. ఏ జాతి తేవాలో నిర్ణయించేటప్పుడు అలాంటిది మన దగ్గరే లేదా అన్న ప్రశ్న ముందు వేయాలి. కేంద్రాన్ని మాత్రం సంరక్షణ మందలకు దూరంగా కట్టాలి. 2012 అక్టోబర్‌లో బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని కేంద్ర కోళ్ల అభివృద్ధి సంస్థలో టర్కీలకు హెచ్5ఎన్1 సోకినప్పుడు, ప్రభుత్వమే పెంచుతున్న పక్షులను ప్రభుత్వమే చంపించాల్సి వచ్చింది.